ఆరేదాకా ఆగే పని

"తీరిక లేదండీ" అన్న మాట మన ఇళ్లలో పలకరింపులాంటిది అయిపోయింది. ఎలా ఉన్నారని అడిగితే బాగున్నామని చెప్పేవారు తగ్గి, తీరిక లేదని చెప్పేవారు పెరిగారు. ఆఫీసు, ప్రయాణం, పిల్లల చదువులు, పెద్దల మందులు, అన్నీ నిజమే. అందుచేత బొమ్మ గీయడం, పూసలు గుచ్చడం, గుడ్డపేలికలతో ఏదైనా కుట్టడం వంటి చేతిపనులు ఉద్యోగ విరమణ దాకా వాయిదా పడుతుంటాయి. విరమణ అయ్యాక కళ్లు ఆనడం లేదని మరోసారి వాయిదా పడతాయి. పూర్వులకు తీరిక ఉండేది గనుక కళలు పుట్టాయి, మనకు లేదు గనుక పోతున్నాయి అని మనం ఒక సిద్ధాంతం కూడా చేసి పెట్టుకున్నాం.

ఈ సిద్ధాంతం చరిత్ర ముందు నిలుస్తుందా అన్నదే నా ప్రశ్న. నేను కళావిమర్శకుణ్ణి కాను. కామర్సు చదివి బ్యాంకులో పద్దులు చూసుకునేవాణ్ణి. ఉద్యోగం పేరిట కావేరి ఒడ్డున కొన్నేళ్లు ఉండడంవల్ల తంజావూరు బొమ్మలు తయారయ్యే తీరు దగ్గరగా చూడగలిగాను. ఆ బొమ్మనే ఉదాహరణగా తీసుకోవడానికి రెండు కారణాలున్నాయి. ఒక కుంచె, నాలుగు రంగులు ఉంటే అయ్యే బొమ్మ కాదది. చెక్క, గుడ్డ, సుద్ద, జిగురు, అద్దపు రాళ్లు, బంగారు రేకు, రంగులు అన్నీ కలిస్తేనే అవుతుంది. మిశ్రమ మాధ్యమమని ఈనాడు పేరుపెట్టి పిలుస్తున్నది ఇలాంటి పనినే. ఇక రెండో కారణం, ఆ బొమ్మలు చేసినవారిలో ముఖ్యులు తెలుగు మాట్లాడేవారు. మనలాగే సొంత సీమ వదిలి వచ్చి, పరాయి నేలను సొంతం చేసుకున్నవారు.

1565లో తళ్లికోట యుద్ధం తరువాత విజయనగరం చితికిపోయింది. దానిని నమ్ముకొని బతికిన శిల్పులు, చిత్రకారులు, కవులు, నర్తకులు పోషణ వెతుక్కుంటూ దక్షిణానికి కదిలారు. అప్పటికే తంజావూరులో నాయకరాజుల పాలన నడుస్తున్నది. 1532లో సేవప్ప నాయకుడితో మొదలైన ఆ పాలన 1673లో విజయరాఘవ నాయకుడితో ముగిసింది. ఆ నూటనలభై ఏళ్లలో తమిళదేశం నడిబొడ్డున తెలుగు రాజసభ భాష అయింది. రఘునాథ నాయకుడు స్వయంగా కవి. విజయరాఘవుడి సభలో పసుపులేటి రంగాజమ్మ 'మన్నారుదాస విలాసం' రాసింది. 1676 నుంచి 1855 దాకా ఏలిన మరాఠా రాజులు కూడా తెలుగును దించలేదు. వారిలో షాహజీ తెలుగులో యక్షగానాలు రాశాడు. కూతవేటు దూరాన తిరువయ్యారులో త్యాగరాజస్వామి తెలుగులో పాడుకున్నారు.

కవుల, గాయకుల పేర్లు మనకు కంఠతా వచ్చు. అదే ఊళ్లో, అదే భాష మాట్లాడుతూ, చెక్కమీద దేవుళ్లను నిలిపిన చిత్రకారుల పేర్లు మాత్రం మనకు తెలియవు. వారు బొమ్మకింద సంతకం పెట్టుకునే అలవాటు లేనివారు. తంజావూరు, తిరుచ్చి ప్రాంతాల్లో ఈ పని చేసిన కుటుంబాలను రాజులు అంటారు. జీనిగరులు, చిత్రగారులు అన్న పేర్లు కూడా వారికున్నాయి. మధుర వైపు ఈ పని నాయుళ్ల చేతిలో ఉండేది. వీరి పూర్వులు రాయలసీమ నుంచి విజయనగర పతనం తరువాత వచ్చినవారు. ఇదే కదలికలో మరికొందరు చిత్రగారులు శ్రీరంగపట్నం చేరి ఒడయర్ల కొలువులో మైసూరు శైలిని నిలబెట్టారు. కర్ణాటకలోని మన పాఠకులకు ఆ బొమ్మలు పరిచయమే. తంజావూరు బొమ్మలో నగలు, కిరీటం బాగా ఉబ్బి కనిపిస్తాయి, రాళ్లు తళుక్కుమంటాయి. మైసూరు బొమ్మలో ఎత్తు తక్కువ, గీత సన్నం. రెండూ ఒక తల్లి పిల్లలే.

ఇక తయారీ సంగతి. తమిళంలో దీనిని 'పలగై పడం' అంటారు, అంటే పలకమీది బొమ్మ. పాత పద్ధతిలో పనస చెక్కగానీ టేకు చెక్కగానీ తీసుకొని, దానిమీద నూలుగుడ్డ అంటిస్తారు. అంటించడానికి చింతగింజల జిగురో, తుమ్మబంకో వాడతారు. చింతగింజలు నానబెట్టి, రుబ్బి, నీళ్లలో ఉడికిస్తే జిగురు వస్తుంది. గుడ్డ బిగిసి ఆరాక సుద్ద, జిగురు కలిపి పైన పూత వేస్తారు. ఆ పూత ఆరాక నునుపు రాయితో రుద్దుతారు. మళ్లీ పూత, మళ్లీ రుద్దడం. పలక అద్దంలా నునుపు తేలాక గాని దానిమీద గీత పడదు.

గీత అయ్యాక రాళ్లు అతికిస్తారు. తరువాత మెత్తటి సుద్దపొడి, బంక కలిపిన ముద్దతో నగలు, కిరీటం, తోరణం, స్తంభాలు ఉబ్బెత్తుగా దిద్దుతారు. ఈ ముద్దకు మక్కు అని పేరు. అది ఆరాలి. తొందరపడి ఎండలో పెడితే పగుళ్లు వస్తాయి. ఆరిన మక్కుమీద పల్చటి బంగారు రేకు అతికించి, మెత్తటి కుంచెతోనో గుడ్డతోనో అద్ది, ప్రతి నొక్కూ పైకి తేలేలా చేస్తారు. అది కుదురుకున్నాక రంగులు. అన్నిటికంటే చివర ముఖం, కళ్లు, సన్నని గీతలు.

ఈ పనంతా పక్కన కూర్చొని చూస్తే పద్దులు రాసేవాడికి ఒక విషయం వెంటనే తెలిసిపోతుంది. చేయి కదిలే కాలం కంటే ఆరడానికి ఆగే కాలమే ఎక్కువ. గుడ్డ అంటించడం అరగంట పని, ఆరడానికి ఒక రాత్రి కావాలి. పూత వేయడం పావుగంట, అది గట్టిపడడానికి మరో పూట. మక్కు దిద్దడం రెండు మూడు కూర్చోళ్ల పని, అది లోపలిదాకా ఆరాలంటే వాతావరణాన్నిబట్టి రెండు మూడు రోజులు. కావేరి ప్రాంతంలో ఐప్పసి నెల వానలు పట్టుకున్నాయంటే ఆ లెక్క కూడా తప్పుతుంది. ఎంత తీరిక ఉన్న మనిషైనా, పనీపాటా లేక పొద్దస్తమానం కూర్చున్నా, ఈ బొమ్మను ఒక్క ఊపులో ముగించలేడు. వస్తువే ఒప్పుకోదు. దానికి కావలసింది రోజుకు ఒక అరగంట, అదీ మళ్లీమళ్లీ.

అందుకే కార్ఖానాల్లో ఒక్క పలక పెట్టుకొని ఎవరూ కూర్చోరు. నేను చూసిన చోట అయిదారు పలకలు ఒకేసారి నడుస్తుండేవి. ఒకటి పూతలో, ఒకటి గీతలో, ఒకటి మక్కులో, ఒకటి రేకులో. ఒకటి ఆరుతుంటే మరొకటి చేతిలోకి వచ్చేది. జిగురు కాచేవారు ఒకరు, నునుపు పట్టేవారు మరొకరు. పిల్లలు బడి నుంచి వచ్చి రాళ్లను రంగులవారీగా ఏరి గిన్నెల్లో పోసేవారు. ఇంటి పెద్ద మాత్రం గీతకూ ముఖానికీ కూర్చునేవాడు. ఒకరి తీరిక మీద ఆధారపడిన పని కాదది. అందరి తీరికా తునకలు తునకలుగా అందులోకి చేరేది. మా భాషలో చెప్పాలంటే ఇది ఒకేసారి కట్టే ఫిక్సుడు డిపాజిట్టు కాదు, నెలనెలా చిన్న మొత్తం కట్టే రికరింగు డిపాజిట్టు. కట్టేటప్పుడు భారం తెలియదు, గడువు నాటికి ఒక మొత్తం చేతికొస్తుంది.

చింతగింజ సంగతి మరొక్కమాట. ఈ జిగురు తంజావూరు ఒక్కదాని సొత్తు కాదు. కొండపల్లిలో తెల్ల పొణికి చెక్కతో బొమ్మలు చేసేవారు చింతగింజల ముద్దలో రంపపుపొట్టు కలిపి, బొమ్మకు చేతులు, ముక్కు అతికించడానికి వాడతారు. వారు దాన్ని మక్కు అనే అంటారు. నిర్మల్ బొమ్మలకు పైపూత చింతగింజల జిగురుతోనే. ఒడిశాలో పూరీ దగ్గర రఘురాజపూర్ పటచిత్రకారులు గుడ్డకు గుడ్డ అతికించేదీ, సుద్ద కలిపి పూత పూసేదీ ఈ జిగురుతోనే. అందరి వంటింట్లోనూ చింతపండు పిసికాక మిగిలే గింజ ఇన్ని కళలకు పునాది అయింది. ఈ కళలకు కావలసిన మొదటి సరుకు సంతలో కొన్నది కాదు. కాలాన్ని కూడా అలాగే, ఇంటి పనుల్లో మిగిలిన తునకల నుంచే తీశారు.

1855లో తంజావూరు రాజ్యం కంపెనీ చేతిలోకి పోయింది. రెండో శివాజీ మగ సంతానం లేకుండా మరణించడంతో ఆ సంస్థానం రద్దయింది. కొలువు పోయాక చిత్రకారులకు ధనిక వర్తకులు, భజన మఠాలవారు, దొరలు మిగిలారు. దొరల కోసం కొందరు కాగితంమీద కులవృత్తుల బొమ్మలు, దంపతుల బొమ్మలు గీసి అమ్మారు. అద్దం వెనుక గీసే బొమ్మలు కూడా ఈ కాలంలో బాగా నడిచాయి. అంతలో అచ్చు బొమ్మ వచ్చింది. 1894లో రాజా రవివర్మ బొంబాయిలో అచ్చు కార్ఖానా పెట్టాక లక్ష్మి, సరస్వతి, కృష్ణుడు చవకగా ఇంటింటికీ చేరారు. వారాల తరబడి ఆరవలసిన పలక బొమ్మకు, గంటకు ఎన్నో అచ్చయ్యే కాగితానికి పోటీ ఏమిటి? రాజుల కుటుంబాల్లో చాలామంది వేరే పనులు చూసుకున్నారు.

చేతిపని చరిత్ర రాసేవారు సాధారణంగా ఇక్కడ ఒక నిట్టూర్పు విడిచి ఆగిపోతారు. కాని ఇక్కడే ఒక విచిత్రం జరిగింది. అచ్చు బొమ్మ ఇంటికి వచ్చాక ఇంటి ఆడవారు దాన్ని ఉన్నదున్నట్టు గోడకు తగిలించలేదు. లక్ష్మి చీరను అసలు పట్టుముక్కతో కప్పారు. అంచుకు జరీ కుట్టారు. నగలమీద చమ్కీలు, పూసలు అతికారు. కొన్నిటికి లోపల దూది పెట్టి ఒడలు ఉబ్బెత్తు చేశారు. ముఖం, చేతులు, పాదాలు మాత్రం అచ్చులోవి అలాగే ఉంచి, మిగతా బొమ్మంతా తమ చేత్తో అలంకరించి పటం కట్టించారు. దక్షిణాదిన పాత ఇళ్లలో ఇలాంటి పటాలు ఇప్పటికీ కనిపిస్తాయి. ఒకప్పుడు పాత సామాన్ల అంగళ్లలో పడి ఉన్నవాటిని తరువాత కళాసంగ్రాహకులు ఏరి దాచుకుంటున్నారు.

అచ్చు బొమ్మ అందరిదీ ఒకటే. అలంకరించిన బొమ్మ మాత్రం ఆ ఇంటిదే. దేవుణ్ణి అలంకరించకుండా చూడలేని మనసు మనది. గుడిలో అర్చకుడు చేసేది ఇంట్లో ఆవిడ చమ్కీలతో చేసింది. గమనించి చూస్తే తంజావూరు పలక చేసే పని కూడా ఇదే. చీకటి పూజగదిలో, దీపం వెలుగులో, ఉబ్బెత్తు నగ మెరవాలి. యంత్రం చేతిపనిని చంపిందని చెప్పడం సగం నిజం. ఆ చేతులు యంత్రం ఇచ్చిన కాగితాన్నే కొత్త సరుకుగా తీసుకొని మళ్లీ పని మొదలుపెట్టాయి.

ఆ ఆడవారికి తీరిక ఉండేదా? కట్టెల పొయ్యి, నూతినీళ్లు, రుబ్బురోలు, నిండు కుటుంబం. వారి దినచర్య తెలిసినవారెవరూ వారికి తీరిక ఉండేదనరు. మధ్యాహ్నం వంటింటి పని ముగిసి, సాయంత్రం దీపం పెట్టే వేళ వచ్చేలోపల దొరికిన కాస్త సమయం వారిది. ఆ కాస్తలో పటం బయటికి తీసి నాలుగు చమ్కీలు కుట్టి మళ్లీ బల్లమీద పెట్టేవారు. ఆ పని ఎప్పుడు ఆపినా చెడదు, ఎప్పుడు అందుకున్నా సాగుతుంది. ఆరే పలకకూ కుట్టే పటానికీ ఉన్న పోలిక అదే.

కాలాన్ని కూర్చిన ఏర్పాటు మరొకటుంది. అది పండుగ. ఆంధ్రదేశంలో చాలా ఇళ్లలో సంక్రాంతికి బొమ్మల కొలువు పెడతారు. తమిళ, కన్నడ దేశాల్లో దసరాకు పెడతారు. ఈ ప్రాంతాల్లో స్థిరపడిన మనవారు దసరా కొలువును సొంతం చేసుకున్నారు. సంక్రాంతిని వదలనివారూ ఉన్నారు. మహాలయ అమావాస్య నాటికి మెట్లు కట్టాలి. మెట్లు బేసి సంఖ్యలో ఉండాలి. ఎర్రచందనం జంట బొమ్మలకు కొత్త బట్టలు కట్టాలి. మెట్ల పక్కన ఇసుక పోసి ఆవాలో మెంతులో చల్లితే, పండుగనాటికి పచ్చిక లేస్తుంది. దాని నడుమ అద్దపు ముక్క పెడితే చెరువు, అగ్గిపెట్టెలు అతికిస్తే ఇళ్లు, రంగుకాగితాలతో గోపురం.

మా బ్యాంకుకు మార్చి 31 ఎలాంటిదో ఆ ఇంటికి మహాలయ అమావాస్య అలాంటిది. ఆ తేదీ కదలదు. అందుచేత వినాయక చవితి వెళ్లిందంటే చాలు, ఇంట్లో ప్రతివారికీ ఒక చిన్న పని పడేది. ఎవరూ "నాకు ఈ కళమీద ఆసక్తి ఉన్నదా, తీరిక ఉన్నదా" అని ఆలోచించుకోలేదు. పండుగ వస్తున్నది, పని కావాలి, అంతే. ఈనాటి భాషలో అభిరుచి అంటున్నదాన్ని వారు పద్ధతి అన్నారు. అభిరుచికి ఎప్పుడూ తీరిక కావాలి. పద్ధతి తన తీరికను తానే తెచ్చుకుంటుంది.

ఇరవయ్యో శతాబ్దం ద్వితీయార్ధంలో తంజావూరు బొమ్మకు మళ్లీ గిరాకీ వచ్చింది. 1973లో ఏర్పడిన తమిళనాడు చేతివృత్తుల సంస్థ పూంపుహార్ అంగళ్లలో ఈ బొమ్మలు అమ్మకానికి వచ్చాయి. చెన్నై, బెంగుళూరు, కోయంబత్తూరు వంటి నగరాల్లో నేర్పే తరగతులు మొదలయ్యాయి. కులవృత్తిగా ఒక కట్టుబాటులో ఉన్న విద్య అడిగినవారికల్లా అందింది. నేర్చుకోవడానికి వచ్చినవారిలో గృహిణులు, ఉపాధ్యాయినులు, ఉద్యోగం చేస్తున్నవారు, మానినవారు అందరూ ఉన్నారు. 2007-08లో తంజావూరు చిత్రాలకు భౌగోళిక గుర్తింపు లభించింది. నాయకరాజుల కాలంలో ఆంధ్రదేశం నుంచి వచ్చిన చిత్రకారులు అదే ప్రాంతంలో నిలబెట్టిన కరుప్పూరు కలంకారీకి 2021లో ఆ గుర్తింపు వచ్చింది. కరుప్పూరు పనివారు ఒకప్పుడు రాజకుటుంబం కోసం జరీ నేతమీద మైనపు అద్దకం కలిపి చీరలు చేశారు. మిశ్రమ మాధ్యమానికి అదొక గొప్ప ఉదాహరణ. ఆ చీరలు ఇప్పుడు మ్యూజియాల్లో చూడవలసిందే. గుడి రథాలకు, గొడుగులకు వేలాడగట్టే కలంకారీ గుడ్డలు మాత్రం నిలిచాయి.

2015 సెప్టెంబరు 1 నుంచి బ్యాంకులకు రెండో, నాలుగో శనివారాలు సెలవయ్యాయి. ఆ శనివారాలు పెట్టుబడిగా నేనూ ఒక తరగతిలో చేరాను. మా జట్టులో నేనొక్కణ్ణే మగవాణ్ణి. ఉగాది వెళ్లాక మొదలుపెట్టిన బాలకృష్ణుడు దసరా కొలువు నాటికి మెట్టెక్కాడు. ఆ ఆరు నెలల్లో చేయి కదిలిన గంటలన్నీ కూడితే రెండు వారాల ఆఫీసు పనికి మించవు. మిగతా కాలమంతా అతడు మా మేడమెట్ల కింద గోడకు ఆని ఆరుతూ ఉన్నాడు. పోతూ వస్తూ ఇంటివారందరూ చూసి, వేలితో తట్టి, ఆరిందో లేదో చెప్పేవారు. ఈ విద్య ఇల్లాళ్లకు ఎందుకు నచ్చిందో నాకు అప్పుడు అర్థమైంది. పొయ్యిమీద పాలు పెట్టి చేసుకోగల పని ఇది.

అయితే తరగతులతోపాటు తొందర కూడా వచ్చింది. పనస చెక్క స్థానంలో ప్లైవుడ్డు, చింతగింజల జిగురు స్థానంలో ఫెవికాల్, రాతిరంగుల స్థానంలో డబ్బా రంగులు వచ్చాయి. వీటిని నేను తప్పుపట్టను. ఆయా కాలాల్లో దొరికే సరుకు వాడడం ఈ కళకు మొదటి నుంచీ ఉన్న గుణమే. అద్దపు రాళ్లూ ఒకప్పటి కొత్త సరుకే. కాని ఇప్పుడు గీతలు అచ్చువేసి, మక్కు ముందే దిద్ది, రంగులు నంబర్లవారీగా పెట్టిన పెట్టెలు దొరుకుతున్నాయి. రెండు రోజుల్లో బొమ్మ సిద్ధం. అందులో తీసేసింది కష్టమని అమ్మేవారు అంటారు. నిజానికి తీసేసింది ఆగడం. ఆగడం పోయాక, ఇంటివారు పోతూ వస్తూ తట్టి చూడడానికి ఏమీ మిగలదు.

ఇంతకంటే బరువైన సంగతి మరొకటి ఉంది. ఇది లెక్కలకు సంబంధించింది గనుక కాస్త ధైర్యంగా చెబుతాను. బంగారంమీద అప్పు ఇచ్చేటప్పుడు మా దగ్గర తూకం వేసే మదింపుదారు ఉంటాడు. అతడి ముందు తంజావూరు బొమ్మ పెడితే రేకులోని బంగారానికి ఏమంత విలువ కట్టలేడు. చెక్కకు ఇంత, రాళ్లకు ఇంత, రంగులకు ఇంత అని వేసుకున్నా ధరలో పెద్ద భాగానికి లెక్క దొరకదు. ఆ లెక్క దొరకని భాగమే కాలం. వృత్తిగా చేసేవాడు ఆ కాలాన్ని కూడా అమ్ముకుంటేనే అతడి ఇంట పొయ్యి వెలుగుతుంది. సరదాగా చేసేవారు తమ కాలానికి వెల కట్టుకోరు. "ఊరికే కూర్చునే సమయంలో చేశానండీ, సరుకు ఖర్చు వస్తే చాలు" అని బొమ్మను అమ్మేస్తారు. మంచి మనసుతో అన్న మాటే. కాని ఆ ధర పక్క వీధిలో కార్ఖానావాడి ధరను కిందికి లాగుతుంది. కొనేవాడు "అక్కడ సగానికే ఇస్తున్నారే" అంటాడు. కార్ఖానావాడు రేకు తగ్గిస్తాడు, పూతలు తగ్గిస్తాడు, చివరికి తన కొడుకును ఈ పనిలో పెట్టడం మానుకుంటాడు.

మరి సరదాగా చేసేవారు మానుకోవాలా? అక్కరలేదు. వారు లేకపోతే ఈ విద్య ఇంత విస్తరించేది కాదు. స్వయంగా ఒక మక్కు దిద్ది చూసినవారికే మంచి పనికీ నాసిరకానికీ తేడా తెలుస్తుంది. మంచి కొనుగోలుదారులు వారిలోంచే వస్తారు. నేను కోరేది రెండు విషయాలు. చేసిన బొమ్మను ఇంట్లో పెట్టుకోండి, బంధువులకు ఇవ్వండి. అమ్మదలిస్తే మాత్రం మీ గంటలు కూడా లెక్కవేసి, వృత్తికారుడి ధరకే అమ్మండి. కొనేటప్పుడు ఎన్ని గ్రాముల రేకు అని అడగడం కంటే ఎన్ని రోజులు ఆరింది అని అడగండి.

ఇక మన భాష సంగతి చెప్పి ముగిస్తాను. చేతులు పనిలో ఉన్నప్పుడు నోరు ఖాళీగా ఉంటుంది. కొలువు మెట్లు కడుతున్నప్పుడు, పటానికి జరీ కుడుతున్నప్పుడు అమ్మమ్మలు, మేనత్తలు పిల్లలతో మాట్లాడుతూనే ఉండేవారు. ఆ మాటలు పాఠం కావు. "ఆ ముద్ద ఇంకా జారుగా ఉంది, కాస్త గట్టిపడనీ." "అంచు వంకరపోయింది, నిమురు." "అది ఎండలో పెట్టకురా, నీడపట్టున ఆరనీ." జారు, చిక్కన, నునుపు, గరుకు, నొక్కు, అంచు, నీడపట్టు. ఈ మాటలు బడి వాచకంలో రావు. బయటి రాష్ట్రాల్లో మన పిల్లలకు తెలుగు వాచకమే దుర్లభమైనచోట ఈ మాటలు ఎక్కడి నుంచి వస్తాయి? వస్తువు చేతిలో ఉండి, పెద్దవారు పక్కన ఉండి, ఆరేదాకా ఆగవలసి వచ్చినప్పుడు వస్తాయి. టీవీ ముందు కూర్చున్న ఇంట్లో అందరికీ కలిసి కూర్చునే కాలం ఉంటుంది గాని, ఒకరితో ఒకరు మాట్లాడవలసిన అవసరం ఉండదు. పని ఉన్న ఇంట్లో ఆ అవసరం ఉంటుంది.

రాజుల కుటుంబాలు నాలుగు శతాబ్దాలకు పైగా తమిళ నేలమీద ఉండీ విద్యను నిలుపుకున్నాయంటే కారణం వారికి తీరిక ఎక్కువ ఉండడం కాదు. ఇల్లే పనిచోటు కావడం, పని ఒక్కరిది కాకపోవడం, పండుగ తేదీ కదలకపోవడం. ఈ మూడింటిలో మన ఇళ్లకు అందనిది ఏదీ లేదు. వరండా మూలో, మెట్ల కిందో ఒక మూల తీయకుండా ఉంచాలి. ఎందుకంటే ప్రతిసారీ సర్దిపెట్టవలసిన పని నాలుగో రోజుకు ఆగిపోతుంది. ఒక పండుగను గడువుగా పెట్టుకోవాలి. ఇంట్లో మరొకరికి అందులో చిన్న పాలు ఇవ్వాలి, జిగురు కాచడమైనా సరే. తంజావూరు బొమ్మే చేయనక్కరలేదు. పాత పట్టుచీర ముక్కతో పటానికి అంచు కట్టినా, ఎర్రచందనం బొమ్మకు పంచె కట్టినా అదే పని.

పత్రిక పాఠకులకు ఒక మనవి. మీ మీ ఊళ్లలో, హోసూరైనా బరంపురమైనా షోలాపూరైనా యానామైనా, చేతిపనులకు మీ ఇంటి పెద్దలు వాడే తెలుగు మాటలు ఒక కాగితంమీద రాసి పెట్టండి. జిగురును ఏమంటారు, పూతను ఏమంటారు, పూసను గుచ్చే సూదిని ఏమంటారు, అది విరిగితే ఏమని తిట్టుకుంటారు. వాళ్లను కూర్చోబెట్టి అడిగితే గుర్తు రావు. చేతికి ఏదో ఒక పని ఇచ్చి పక్కన కూర్చోండి, ఒక్కొక్కటే బయటికి వస్తాయి.